మెట్ల మీద రంపపు పొట్టు

మేడ మీద అద్దెకుంటున్న నర్సు తలుపు సగమే తీసింది. గుమ్మం బయట కింది వాటాలో ఉండే ఇంటావిడ, ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో కూరగాయల సంచితో.

“మళ్ళీ అడుగుతున్నానమ్మా, మెట్ల మీద ఈ రంపపు పొట్టు ఎక్కడిది?”

“పొట్టా పిన్నిగారూ? ఏ పొట్టు?”

“కింది మెట్టు నుంచి నీ గుమ్మం దాకా చారకట్టింది చూడు, ఆ పొట్టు.”

“ఓ, అదా. బీరువా తలుపు బిగుసుకుపోతే వడ్రంగి వచ్చి...”

“ఎప్పుడొచ్చాడు? పొద్దుట్నుంచీ గేటు దగ్గరే ఉన్నాను.”

“నిన్నండి.”

“నిన్నా అక్కడే ఉన్నాను. ఆ కూతేమిటి?”

“ఏ కూత? తలుపు కిర్రుమంది.”

“తలుపు నువ్వు పట్టుకునే ఉన్నావు.”

“అయితే కుక్కరండి.”

“నా సంచి చప్పుడైతే కూసే కుక్కరా? గేటు మీద బోర్డు చదివే చేరావు కదా? జంతువులు కూడదని.”

“చదివానండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, బాబాయిగారికి చెప్పకండి. మా వార్డులో ఒకామె ఇక పెంచలేనని నా చేతిలో పెట్టింది. అది ఎలుక కాదండి, గినీ...”

“గినీ పిగ్గని నాకు తెలుసులే. పొట్టు ఏ చెక్కది?”

“ఏ చెక్కదంటే... చెక్కదే.”

“ఏదీ, ఇటు తే. దేవదారు. ఘాటు నషాళానికంటుతోంది. తుమ్ముతోందా అది?”

“తుమ్ముతోందండి. జలుబనుకున్నా.”

“జలుబూ లేదు గిలుబూ లేదు. నర్సువేనా నువ్వు? ఆ దుమ్మంతా దాని ఊపిరితిత్తుల్లోకి పోదూ? ముందది ఎత్తిపారెయ్.”

“ఎండుగడ్డి పరవనా మరి?”

“గడ్డి తినడానికి. తడి పీల్చదు. నువ్వు నీ పరుపు తింటావా?”

“దూది?”

“మింగిందంటే గొంతుకడ్డం.”

“పేపర్లు?”

“పూటకి సరే. తడిస్తే ముద్దయిపోయి కాళ్ళు జారతాయి. చెప్తాను విను. అడుగున తువ్వాలు మడతలేసి పరుచు. పైన మెత్తటి ఉన్ని దుప్పటి ముక్క. తడి కిందికి దిగిపోతుంది, దాని కాళ్ళు పొడిగా ఉంటాయి. ఉతికేటప్పుడు సెంటు నీళ్ళు కలపకు.”

“మీకింత ఎలా తెలుసు పిన్నిగారూ?”

“ఎక్కడో చదివాన్లే.”

“మీ కొంగుకి గడ్డిపరక ఉంది.”

“చీపురుది.”

“చీపురు ప్లాస్టిక్‌ది కదండీ.”

“...మెల్లిగా మాట్లాడు. కుట్టుమిషను గదిలో నాదీ ఒకటుంది. నిరుటి నుంచీ. మీ బాబాయికి తెలీదు. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు.”

“నిరుటి నుంచీ కూత వినపడలేదా ఆయనకి?”

“మిషను కూస్తోందని చెప్పాను. పాపం, వారం వారం నూనె పోస్తుంటారు. అయ్యో, ఆ చెప్పుల చప్పుడు ఆయనదే. పైకే వస్తున్నారు. నన్ను లోపలికి రానీ.”

“వంటింట్లోకి వెళ్ళండి. ఊపిరి బిగపట్టండి.”

“అమ్మాయ్, ఉన్నావా?”

“ఉన్నాను బాబాయిగారూ. ఒక్కదాన్నే ఉన్నాను.”

“మా ఆవిడ ఇటు రాలేదు కదా?”

“రాలేదండి.”

“మంచిదయింది. నీ దగ్గరో గినీ పిగ్గుంది కదా.”

“ఎవరన్నారండీ? అది కుక్కర్...”

“కంగారు పడకు. ఎవరూ అనలేదు, కూత పట్టి తెలుసుకున్నా. మా దానిది కాస్త బొంగురు.”

“మీ... మీ దానిదా?”

“మా ఆవిడ మిషను గదిలో దాచింది. నా తువ్వాళ్ళన్నీ దాని కిందే ఉన్నాయి. స్నానం చేసొచ్చి అడిగితే ఉతుకులో ఉందంటుంది. ఎన్నాళ్ళని బనీనుతో తుడుచుకోను? ఇదిగో, కాగితపు గుళికల బస్తా. తడి బాగా పీలుస్తుందట, దుమ్ము రాదట. నువ్వు తెచ్చుకుంటే మిగిలిందని ఆవిడకివ్వు.”

“మీరే ఇవ్వచ్చు కదండీ. బోర్డు పెట్టింది మీరే కదా, మీరే తీసేస్తే ఆవిడకీ భయం ఉండదు.”

“తీయించాలనే గేటు దాకా వెళ్ళాను ఓసారి. తిరిగొచ్చేశాను. నేనటు బజారుకెళ్ళగానే ఆవిడ గది తలుపేసుకుని దాంతో కబుర్లు చెప్తుంది. ఓ రోజు సంచి మరిచిపోయి వెనక్కొచ్చి విన్నాను. నాతో ఎన్నడూ అంత నవ్వలేదమ్మా. నాకు తెలియనట్టే ఉండనీ.”