మాస్టారి వైపు బ్రేకు

హలో… ఆ, నేనే. అమ్మమ్మనే. కాస్త మెల్లగా మాట్లాడండి మాస్టారూ… పక్క గదిలోనే ఉంది.

ఏం చేస్తున్నానా? సంచి సర్దుతున్నా… నాది కాదు, మనవరాలిదే. పొద్దున బట్టలన్నీ బయటికి లాగి మంచం మీద గుమ్మరించింది. మళ్ళీ నేను మడతపెట్టి సర్దుతున్నా.

మీకూ ఫోన్ చేసిందా?… డ్రైవింగు పరీక్షకు రానందా… అయ్యో.

నాతోనూ అదే అంది. "లైసెన్సు లేనిదే ఆ ఊళ్ళో వచ్చిన ఉద్యోగంలో చేర్చుకోరు. ఇక నీ కొంగు పట్టుకునే ఉంటాలే అమ్మమ్మా" అని…

సంతోషమా! నేను కోరుకున్నదే అనుకోండి… కానీ గోడకేసి తిరిగి పడుకున్న పిల్లని చూస్తుంటే ముద్ద దిగటం లేదు.

తెలుసు మాస్టారూ, మీరిచ్చిన కార్డు రోజూ చూస్తూనే ఉన్నా. ఖాళీ మైదానంలో స్టీరింగు… టిక్కు. క్లచ్చు, గేర్లు… టిక్కు. వెనక్కి తీయడం, ఎత్తు మీద ఆపి కదిలించడం… అన్నీ టిక్కులే. ఆఖరి గడి ఒక్కటే. మీరు మీ వైపు బ్రేకు తొక్కకుండా ఊరంతా తిప్పాలి. అక్కడ మాత్రం ఎర్ర సున్నాలు.

ఊఁ… నేనే అడిగా. కాదంటానా? "మా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుందమ్మా, భయం లేదు" అని మీరు ధైర్యం చెబితే… ఆ బ్రేకే పట్టుకుని మిమ్మల్ని బతిమాలా. వచ్చినా రాలేదనిపించమని…

మీదేం తప్పులెండి. ముసలిదాని ఏడుపు చూడలేకపోయారు.

కానీ అదేం చేస్తోందో తెలుసా? కంచం ముందు కూర్చుని, బల్ల కింద కాలు నేలకేసి నొక్కుతోంది. "నా కాలే ఆలస్యం అమ్మమ్మా. నేను తొక్కేలోపే బండి ఆగిపోతోంది" అంటూ…

ఇంకో నాలుగు పాఠాలా? వచ్చినదాన్ని ఇంకేం నేర్పుతారు!… పరీక్ష మధ్యాహ్నమే కదా. కారు తీసుకురండి. ఈసారి ఆ కాలు మడిచి సీటు మీద పెట్టుకోండి… నవ్వకండి, నిజంగానే చెబుతున్నా.

చెప్పాలి… నేనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టను—

ఉండండి.

…ఎంతసేపైందే వచ్చి?… మొత్తం విన్నావా?… అవును. నేనే తొక్కించా. నీ కాలు ఎప్పుడూ ఆలస్యం కాలేదు తల్లీ… తిట్టవే…

మాస్టారూ… ఉన్నారా? నా చేతిలో సంచి లాక్కుంది… చెప్పులు వేసుకుంటోంది… మెట్లు దిగుతోంది. మీరు త్వరగా కారు తీసుకురండి, పరీక్షకు వేళవుతోంది. నాలుగు తిట్లు మీకూ పడతాయి, భరించండి.

ఎందుకు చేశానా?…

దాని తల్లికి బండి చాలా బాగా వచ్చు మాస్టారూ. ఇలాగే సంచి వెనక సీట్లో పడేసి, తనే నడుపుకుంటూ వెళ్ళింది. ఇది మూడో తరగతిలో ఉండగా, ఎండాకాలం సెలవుల్లో. తిరిగి రాలేదు.

పెట్టేస్తున్నా.