వెండి మీద విన్నీ ఊపిరి

వెండో కాదో అని ఆ చెంచాకి అయస్కాంతం పెట్టి చూస్తున్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది అమ్మాయ్. అది రాగికీ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు, మరి అవన్నీ వెండేనా? మా విన్నీ గానీ ఇది చూసుంటే వారం రోజులు నిన్ను ఏడిపించేది. ఏ విన్నీ అంటావేమిటే, విన్‌ఫ్రెడ్ టిల్లింగ్‌హాస్ట్. అవున్లే, నువ్వు పుట్టేసరికే పోయింది పాపం. వాటర్ స్ట్రీట్‌లో ఇప్పుడు కుక్కలకి క్షవరం చేసే దుకాణం ఉంది చూడు, అదే ఆవిడ కొట్టు. ఆ పక్కది నా ఉన్ని కొట్టు, మధ్యన ఒక చెక్క గోడ, అటు దగ్గితే ఇటు వినపడేది. ఆవిడ పనేమిటంటే జతలు కలపడం. పెళ్ళి జతలు కాదులే, తనే చేసుకోలేదు, ఇంకొకళ్ళకేం చేస్తుంది. ఫోర్కులకీ చెంచాలకీ. ఎవరింట్లోనో కూరగాయ తొక్కలతో పాటు ఒక వెండి ఫోర్కు చెత్తలోకి పోతుంది, సెట్టు కుంటిదైపోతుంది, సరిగ్గా అదే నమూనాది ఎక్కడెక్కడో వెతికి తెచ్చి ఇచ్చేది. విలువ కట్టమని కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. ముందు వెనక్కి తిప్పి మేలిమి వెండికి కొట్టే స్టెర్లింగ్ అన్న మాట ఉందా, చేసినవాళ్ళ గుర్తేమిటి అని చూసేది. కత్తులు మాత్రం పక్కకి నెట్టేసేది. "పిడి నిండా సిమెంటే, పైన రేకంత వెండి, బరువు చూసి మురిసిపోకండి" అనేది, ఎదురుగా ఉన్నది ఎంత గొప్పింటి ఆడదైనా సరే. నోరు చెడ్డదే. కానీ ఒక్క చెంచా గురించి ఒక్క అబద్ధం ఆ నోట రాలేదమ్మా. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు.

వెండి ధర నెత్తికెక్కిన చలికాలం ఒకటి వచ్చింది. ఎవరెవరో వచ్చి హోటళ్ళలో గదులు తీసుకుని, అమ్మమ్మల నాటి చెంచాలన్నీ బస్తాల్లెక్కన తూచి కొని కరిగించేవాళ్ళు. విన్నీకి అన్నం సహించేది కాదు. "మనుషులు తిన్న చెంచాలే అవి, కడ్డీలు చేస్తున్నారు" అని గోడ అవతల గొణుక్కునేది. ఆ రోజుల్లోనే వచ్చారు బాస్‌వర్త్ అక్కచెల్లెళ్ళు. పెద్దది కార్నీలియా, బ్యాంకు మేనేజరుని చేసుకుంది, నడుస్తుంటే నేల అరిగిపోతుందేమో అన్నట్టు ఉండేది. చిన్నది వెర్నా, మొగుడు చేపల పడవ మీద పోయాక బతకడానికి నానా తిప్పలూ పడుతోంది. వాళ్ళ అమ్మ ఆల్మైరా అంతకు ముందు ఆకులు రాలే రోజుల్లో పోయింది. ఆవిడ చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, పెకమ్ వాళ్ళ పెద్దింట్లో అంట్లు తోమి, గుడ్డలుతికి ఈ ఇద్దర్నీ పెంచింది. తనింట్లో పట్టుమని నాలుగు మంచి కుర్చీలుండేవి కావుగానీ, పన్నెండుగురికి సరిపడా వెండి సెట్టు ఉండేది. మీ నాన్న ముత్తవ్వదే, నాంటకెట్ దీవి ఓడ కెప్టెను భార్యది అని చెప్పేది పిల్లలకి. మన ఊరి సంగతి నీకు తెలుసుగా, వెండి కొనుక్కున్నాం అంటే నామోషీ, తాతల నాటి నుంచి వచ్చింది అనాలి. కార్నీలియా ఆ ముత్తవ్వ కథ చెప్పుకునే పాత వంశాల వాళ్ళ క్లబ్బులో కుర్చీ సంపాదించింది. ఇప్పుడు పెద్దదాన్ని కాబట్టి సెట్టు నాదే అంటుంది. వెర్నా ఏమో సగం ఇస్తే హోటలుకి తీసుకెళ్ళి అమ్ముకుంటానంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి మూడు నెలలు. చివరికి విన్నీ ఏ పంపకం చేస్తే అదే ఖాయం అనుకున్నారు. ఆ ఇద్దరి మధ్య ఒంటరిగా కూర్చోలేక విన్నీ నన్ను కూడా రమ్మంది, సాక్షివి, నోరు మూసుకుని కూర్చో అని.

నల్ల గుడ్డ పరిచి అన్నీ వరసగా పెట్టింది. తిప్పి చూడగానే పెదవి విరిచింది. "ఇది కెప్టెను భార్యది కాదు. ఆవిడ కాలంలో నాణేలు కరిగించి పల్చటి చెంచాలు చేసేవాళ్ళు, స్టెర్లింగ్ అన్న మాటే కొట్టేవాళ్ళు కాదు. ఈ నమూనా వచ్చేసరికి ఆవిడ మట్టిలో కలిసి ఎన్నేళ్ళో" అంది. కార్నీలియాకి కోపం వచ్చింది, మా అమ్మ అబద్ధమాడిందా అని. విన్నీ ఒక ఫోర్కు తీసుకుని కాడ మీద బాస్‌వర్త్ వాళ్ళ బి అక్షరం దగ్గర బొటనవేలితో నిమిరింది. అక్కడ కాస్త గుంట. ఎవరి అక్షరాలో అరగదీసి మీద కొత్తది చెక్కితే అలా పల్చబడుతుంది. అప్పుడు అద్దం మీద ఊదినట్టు హా అని ఊపిరి వదిలింది. ఆవిరి పట్టి, బి కింద నుంచి ఇంకో అక్షరం లేచింది. పి.

ఆల్మైరా అంట్లు తోమిన ఇల్లు గుర్తొచ్చింది నాకు. పెకమ్ వాళ్ళది కూడా పి కదా. కార్నీలియా మొహంలో నెత్తురు చుక్క లేదు. వెర్నా అయితే లేచి నిలబడి, "మా అమ్మ దొంగ కాదు" అంది, ఎవరూ అనకుండానే. విన్నీ కూర్చోమని చెయ్యి ఊపి రెండోది తీసి ఊదింది. దాని కింద డబ్ల్యూ. మూడో దాని కింద రెండక్షరాలు అల్లుకుని ఉన్నాయి. చెంచాలు చూసినా నమూనా ఒకటే గానీ, కింది అక్షరాల్లో ఒక దానికీ ఇంకో దానికీ పొంతన లేదు. "దొంగ సొమ్మైతే అన్నీ ఒకే ఇంటివి ఉండాలి. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో ఇంటివి. ఎక్కడో ఇలా విడి ముక్కలమ్మే కొట్లో, ఒక్కొక్కటే కొనుక్కుంటూ వచ్చింది మీ అమ్మ. ఏళ్ళు పట్టి ఉంటుంది" అంది. ఆ తర్వాత తన ధోరణిలో, అక్షరాలు గీకేసిన సరుకు కాబట్టి, కరిగించడానికి కాక సెట్టుగా అమ్మితే, అసలు సెట్టుకొచ్చే ధరలో సగం కూడా పలకదని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ సమయంలో అవసరమా అనుకున్నాను నేను. కానీ వాళ్ళు వింటేగా. ఇద్దరూ తలోటి తీసుకుని ఊదడం మొదలుపెట్టారు. ఇదిగో ఇది ఎమ్, ఇదిగో ఇది ఎల్ అని తలలు దగ్గర పెట్టి చూస్తున్నారు చిన్నపిల్లల్లా.

కాసేపటికి వెర్నా అంది, "అక్కా, అమ్మ పళ్ళ డాక్టరు దగ్గరికని ప్రావిడెన్స్ పట్నం బస్సెక్కేది కదూ?"

కార్నీలియా చేతిలో ఫోర్కు కింద పెట్టింది. "నేను పెద్ద బళ్ళో చేరకముందే అమ్మకి అన్నీ కట్టుడు పళ్ళు కదే."

"అదేగా నేనూ అంటున్నది."

ఇంక చూడు, నవ్వారు. నవ్వి నవ్వి ఏడ్చారు. ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ సెట్టు పంచుకోలేదు, అమ్ముకోలేదు. ఒక ఏడు థాంక్స్‌గివింగ్ పండక్కి పెద్దదాని ఇంట్లో టర్కీ కోడి కోస్తే, మరుసటేడు చిన్నదాని ఇంట్లో. కార్నీలియా క్లబ్బులో ముత్తవ్వ కథ మానేసి అమ్మ కథ చెప్పడం మొదలుపెట్టిందిట, వింటానికి మహ బాగుండేదిట.

విన్నీ మాత్రం ఆ రోజు వాళ్ళని అలా వదిలేసి, కోటైనా వేసుకోకుండా నాతో పాటు మా కొట్లోకొచ్చి ఉన్ని బుట్ట పక్కన కూలబడింది. నేను కాఫీ ఇచ్చాను. ఎంత గొప్ప పని చేశావే విన్నీ అన్నాను. అది ఆవిడ చెవికెక్కలేదు. "ఆల్మైరా మన వీధిలోంచే పనికెళ్ళేది. రోజూ నా కిటికీ ముందు నుంచే. నా కొట్లో అన్నీ ఉండగా ప్రావిడెన్స్ దాకా బస్సెక్కి పోయిందంటే, కొన్న సంగతి నేను ఊళ్ళో చెప్పేస్తాననే కదా?" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడ్డం నాకదే మొదలు, అదే ఆఖరు. "నేనెవరితోనూ అనేదాన్ని కాదే" అంది.

నిజమే. అనేది కాదు.

...

ఆ కిటికీ వెయ్యమ్మా, సముద్రం మీంచి చలిగాలి తిరిగింది.