మేడ మీది వేడి

మదనపల్లెలో ఒక ఇంటి మేడ మీద, ఈత తొట్టి నీళ్లను వేడిచేసే సోలార్ ప్యానెళ్లను మెకానిక్ పరీక్షిస్తున్నాడు. ఆ ఇంటి అవ్వ అతని పక్కనే నిలబడి ఉంది.

“ఏమప్పా, ఇవి ఉత్తవేనా? మోకాలి ఆపరేషనైన మా మనవరాలు వెచ్చని నీళ్లల్లో నడవాలంట. దిగీ దిగకనే సలికి వణికి ఎక్కేస్తాండాది.”

“అన్నీ బాగానే ఉండాయవ్వా. ఎండా బాగుండాది. మరి వీటి మీద ఈ తడేంది?”

“నేనే పోసినా. సెయ్యి పెడితే సుర్రుమన్నాది. పగిలిపోతాయేమోనని దినామూ నాలుగు బకెట్లు పోస్తాండా. ఆవుల కొట్టం రేకుల మీద పోసేటోళ్లం గదా, అట్లనే.”

“ఆవులకు సల్లగుండాలని పోస్తారు. ఈడ వేడి కావాలవ్వా! వీటిల్లో కాగిన నీళ్లే గదా తొట్టిలోకి పోయేది!”

“అయ్యో... అంటే బిడ్డను వణికించింది నేనా?”

“పోనీలే. పైపు రిపేరీ సేసినానని సెప్తాలే.”

“అబద్ధం యాలప్పా? నీళ్లల్లో నడవదని వారం దినాలుగా దాన్ని సోమరిపోతని తిడతాండా. ముందు నేనే పోయి సెప్పుకోవాల. మెట్లు దిగేదానికి రవంత సెయ్యియ్యి.”