అణుతా, అణకువా

కాలేజీ గేటు ముందు బస్సు దిగగానే నాయనమ్మ మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కెమిస్ట్రీ సారుకు క్షమాపణ చెప్పించాలని మడికొండ నుంచి పనిగట్టుకుని వచ్చింది ఆమె.

“మాఫీ అడుగు బిడ్డా. ఆడపిల్లకు జర అణకువ ఉండాలె.”

“సారు అడిగింది అణకువ కాదు నాయనమ్మా, అణుత!”

“అదేంది మల్ల?”

“రసాయన చర్య మెట్లు మెట్లుగ నడుస్తది. ఒక్కో మెట్టుల ఎన్ని అణువులు కలుస్తయో, అది అణుత. సమీకరణంల ఐదు అణువులున్నయి గదా, అణుత ఐదే అన్నడు సారు. నేను తప్పన్న.”

“అందరి ముంగటనా?”

“అందరి ముంగటనే. ఐదు ఒక్కపారే వచ్చి ఎట్ల గుద్దుకుంటయి? ఒక మెట్టుల ఒకటో రెండో ఉంటయి. మూడంటెనే మస్తు అరుదు. మెట్లన్నీ కూడితేనే ఐదు.”

“నిజమే పిల్లా. మేడారం జాతరల గంత తొక్కులాటల గూడ నాకు తగిలెటోడు ఒక్కడే. వాన్ని తిట్టినంకనే ఇంకోడు తగులుతడు.”

“గదే నేను చెప్పిన! మాఫీ అడిగేదాక క్లాసుల కూసోవద్దన్నడు.”

“ఒక్క మాటకు ఏం పోతది బిడ్డా?”

“అడిగితే ఐదే నిజమని ఒప్పుకున్నట్టు. నేను అడుగ.”

నాయనమ్మ చెయ్యి వదిలేసి, కొంగు నడుముకు దోపుకుంది.

“అయితే అడుగకు. తలుపు కాడ నిలబడి పాఠం విను. ఎంతసేపు నిలబెడ్తడో, నేను గూడ పక్కన కూసోని చూస్త.”