మిగతా సగం చేతులు

ఎవరూ, ఆ ఫోటోలో మధ్యనున్నావిడా? మా డాక్టరమ్మే అమ్మాయ్. పోయి పాతికేళ్ళు దాటింది. అబ్బో, మొండిఘటం! మందులు పరీక్షించే ల్యాబుకి పెద్ద ఆవిడ. నేనక్కడ కుందేళ్ళని చూసుకునేవాణ్ణి. మేత, నీళ్ళు, బోన్లు కడగడం... ఆఖరి పని కూడా. చెప్తా, చెప్తా, ఆగు.

మాకో అలవాటుండేదిలే. పన్నెండు మందిమి, ఒక్కడూ ఇంట్లో నిజం చెప్పేవాడు కాదు. ఏం పనయ్యా అంటే, మందుల ప్యాకింగ్. గేటు దాటే ముందు స్నానం, వేరే బట్టలు, వేరే చెప్పులు. మీ నానమ్మ ఓసారి నా చొక్కా మీంచి తెల్లటి బొచ్చు తీసి, "ఇదేంటండీ?" అంటే, "దూది" అన్నా. ఠక్కున! పదకొండేళ్ళు ఇదే పాట.

అలాంటిది ఈవిడ ఓ రోజు పిలిచి, "గేట్లు తీస్తున్నాం. చుట్టుపక్కల వీధులవాళ్ళు వచ్చి చూస్తారు. ఏది అడిగితే అది చెప్తాం" అంది. "కొంప మునుగుతుందమ్మా" అని గుమస్తా ఒకటే గోల. "దాచేకొద్దీ జనం ఇంకా ఘోరంగా ఊహించుకుంటారయ్యా" అంది ఆవిడ. ఇంటింటికీ కాగితాలు పంచారు. మా గుమ్మంలో పడ్డది నేనే చింపిపారేశా. మహా తెలివి కదా నాది! పక్కింటావిడకీ ఒకటి వస్తుందని తోచిందా, లేదు.

హాల్లో ఓ యాభైమంది. నేను తెల్లకోటేసుకుని తలుపు దగ్గరున్నా. చూద్దును కదా, మూడో వరసలో మీ నానమ్మ! నన్ను చూసేసింది కూడా. ఇంట్లో గొంతెత్తని మనిషి, లేచి నిలబడింది. "చివరికి వాటినేం చేస్తారండీ?" గుమస్తా ఏదో డొంకతిరుగుడు జవాబు రాసిచ్చాడు. డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టేసింది. "చంపుతాం. మత్తులో ఉండగానే, మెలకువ రాకముందే." బాబోయ్! అంత సూటిగానా! ఒకావిడ పిల్లని చంకనేసుకుని బయటికెళ్ళిపోయింది. మీ నానమ్మ మాత్రం కూర్చోలేదు. "ఎవరి చేతులతో?" అంది. "సగం నా చేతులతోనేనమ్మా. మిగతా సగం ఎవరివో వాళ్ళే చెప్పుకోవాలి, నేను చెప్పకూడదు."

నోరు విప్పానా? టీ కప్పులు సర్దుతున్నట్టు వంగి నించున్నా. సిగ్గులేని జన్మ!

ఇంటికెళ్ళాక తిడుతుందనుకున్నా. అన్నం పెట్టింది. తినేదాకా ఆగి, "కుందేళ్ళ సంగతి కాదండీ. ఆవిడ చెప్పింది, విన్నాను, సరే. పదకొండేళ్ళలో ఒక్కసారైనా మీ గొంతు తడబడలేదే! మీరంటే భయమేస్తోంది నాకు" అంది. భయమట! నేనంటే! చీమని తొక్కితే నొచ్చుకునేవాణ్ణని ఊరంతా చెప్పుకున్న మనిషిని!

మర్నాటి నుంచి అన్నీ నిజమే చెప్పా, ఒట్టు. ఏం లాభం? కూర బాగుందన్నా "నిజమేనా?" అనేది. ముప్పై ఏళ్ళు. ఆఖర్న ఆస్పత్రిలో చెయ్యి పట్టుకుని, "తగ్గిపోతుందే నీకు, డాక్టర్లు చెప్పారు" అన్నా. నా మొహంలోకే చూస్తూ, "నిజమేనా?" అంది.

...

ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా.