ఒక్కరు ఊఁ అంటే చాలు

అదేం పరీక్షండీ, ఒకటో క్లాసు పిల్లలకి పెట్టినట్టు! ఐదు మాటలు చెబుతుందట, పది నిమిషాలాగి నేను తిరిగి అప్పజెప్పాలట. ఆ జ్ఞాపకశక్తి డాక్టరమ్మ మన ఫరహ్ కన్నా చిన్నది.

పది నిమిషాలయ్యాక "ఇప్పుడు చెప్పండి ఆంటీ" అంది. గడగడా అప్పజెప్పేశాను. లెఫ్టినెంట్ గవర్నరు, పెద్ద జడ్జీ, సెక్రటరీ, సర్జను... ఐదో ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయాడు.

నవ్వకండి. మీరు నవ్వుతారని నాకు తెలుసు.

ఆ పిల్ల మొహం చూడాల్సింది! పక్కన అనస్ "అమ్మా, నిన్నడిగింది అవి కాదమ్మా" అని తల పట్టుకున్నాడు. తప్పెవరిదంటారు? మీదే. లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చింది మీరు కాదూ?

అనస్ దగ్గరికి ఈ దేశం వచ్చిన కొత్తలో, పారమట్టా పార్కులో, పాత గవర్నరు బంగళా ఎదురుగా బెంచీ. మీరు ఇంగ్లీషులో చదివి అర్థం చెప్పేవారు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, కూడబలుక్కుంటూ మీ వేలి వెంట నేనూ చదివేదాన్ని. రెండు వందల ఏళ్ళ కిందట ఈ దేశంలో మొట్టమొదటి చట్టసభట. మనుషులు ఆ ఐదుగురేనట! ఓట్లు లేవు, గీట్లు లేవు. అందరూ సర్కారు జీతగాళ్ళే. తలుపులు మూసుకుని కూర్చునేవాళ్ళట. చట్టం తెచ్చే హక్కు ఒక్క గవర్నరుకే. నలుగురు వద్దన్నా సరే, తప్పదని ఆయనకి అనిపించి, ఒక్కరు ఊఁ అంటే చాలు, అది చట్టం. వద్దన్నవాళ్ళు ఎందుకు వద్దన్నారో మాత్రం పుస్తకంలో రాసిపెట్టాలట.

అక్కడికొచ్చేసరికి మీరు తొడ చరుచుకుని నవ్వారు. "మా సర్పంచికి ఈ కిటుకు తెలీదు నఫీసా! తెలిస్తే కోరం కోసం నన్ను ఎండలో ఇంటింటికీ తిప్పేవాడా?" అని. చీరాల దగ్గర పంచాయతీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు తీర్మానాల పుస్తకం రాసిన మనిషాయె. "వద్దన్నవాడి మాట కూడా రాయాలి, గుమస్తా అన్నాక అదే ధర్మం" అన్నారు.

మరి ఔనన్నవాడి మాటో, అన్నాను నేను.

"ఔనన్నవాణ్ణి కారణం ఎవరడుగుతారే?" అన్నారు.

ఆ మాటేనండీ. ఆ మాటే నన్ను పట్టుకుని వదలడం లేదు.

అనస్ కారులో కూర్చున్నాడు. పావుగంట టైమిచ్చాడు. నేనిక్కడ దువా చేసుకుంటున్నాననుకుంటున్నాడు పాపం.

మీరు పోయినరోజు హాల్లో ఏం జరిగిందో మీకెవరూ చెప్పలేదు కదా. మీ కోరిక అందరికీ తెలిసిందే. చీరాల కబరస్తాన్‌లో, మీ అమ్మ పక్కన. ఎన్నిసార్లన్నారు! అన్నం తింటూ, గడ్డం గీసుకుంటూ, చివరికి విమానమెక్కుతూ కూడా.

అనస్ ఒప్పుకోలేదు. "మయ్యత్తుని ఆపకూడదమ్మా. పంపాలంటే వారం పడుతుంది. ఒంటికి మందులెక్కించి, పెట్టెలో పెట్టి బిగిస్తారు. రేపు మధ్యాహ్నం జుహర్ నమాజవగానే ఇక్కడే చేసేద్దాం" అన్నాడు. వాడి మాటా తప్పు కాదు. ఫరహ్ ఏడుస్తూ, "నాన్న మనల్ని జీవితంలో అడిగింది ఇదొక్కటే కదన్నయ్యా" అంది. అల్లుడు రెహాన్ కూడా దానివైపే. ఫోన్లో మీ తమ్ముడు, "వదినా, వారమేంటి, నెలైనా చూస్తాం. అమ్మ పక్కన చోటు అలాగే ఉంచాం" అన్నాడు.

ముగ్గురు వద్దన్నారు. ఇక మిగిలింది...

ఆఁ, సర్వేయరు! ఐదో ఆయన సర్వేయరండీ. చూశారా, అక్కర్లేనప్పుడు వస్తాడు.

ఏం చెబుతున్నాను? ఆఁ. మిగిలింది నేను. అందరూ నావైపు తిరిగారు. "డిసిషన్ నీదేనమ్మా" అన్నాడు అనస్.

నేను ఊఁ అన్నాను.

ఊఁ అని ఊరుకుంటే బాగుండేది. "మీ నాన్నే మనసు మార్చుకున్నారు. మొన్న ఆసుపత్రిలో నాతో అన్నారు, ఇక్కడే పెట్టమని" అన్నాను.

అంతే. ఫరహ్ కళ్ళు తుడుచుకుంది. అవతల ఫోన్లో మీ తమ్ముడు, "అన్నయ్య మాటే అయితే సరే వదినా" అన్నాడు. నన్నెవరూ ఇంకేమీ అడగలేదు.

మీరు అనలేదు. ఆ వారమంతా మీరు నోరు తెరిచి అడిగింది నీళ్ళే.

ఎందుకన్నానంటారా? ధర్మం కోసం కాదు. ఈ మోకాళ్ళతో నేనిక చీరాల వెళ్ళేదాన్ని కాదు. నా మనిషి నాకు బస్సు దూరంలో ఉండాలనుకున్నాను. తీరా ఇప్పుడేమైంది? వేరే స్టాపులో దిగిపోయి, ఎక్కడున్నానో తెలీక ఏడ్చిన దగ్గర్నుంచి నన్ను బస్సే ఎక్కనివ్వడం లేదు.

మీ అమ్మ కనిపిస్తోందండీ. కలలో కాదు, పట్టపగలు. నేను గిన్నెలు కడుగుతుంటే వెనక వచ్చి కూర్చుంటుంది. తిట్టదు, పలకరించదు. పక్కన చాప పరిచి, చేత్తో దులిపి, గుమ్మంకేసి చూస్తూ ఉంటుంది. తిట్టినా బాగుండును.

నాకు భయం ఆవిడంటే కాదు. లేనివి కూడా జరిగినట్టే గుర్తుకొస్తాయని చెప్పింది డాక్టరమ్మ. మొన్న ఫరహ్‌తో మళ్ళీ అదే మాటంటున్నాను, నాన్నే ఇక్కడ పెట్టమన్నారే అని. అంటుంటే మీ గొంతు వినిపించింది. దిండు మీద మీ తల ఇటు తిరగడం, పెదాలు కదలడం, అన్నీ కనిపించాయి. ఒక్క నిమిషం నమ్మేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ నిమిషం వంటగదిలో మీ అమ్మ కూడా లేదు.

అందుకే పరిగెత్తుకొచ్చాను, ఇంకా గుర్తుండగానే. రాసుకోండి. మీరు అనలేదు. నేనే అన్నాను. నాకోసమే అన్నాను. నా దగ్గరుంటే చెరిగిపోతుంది, మీరే దాచండి.

అదిగో, హారన్ కొడుతున్నాడు. వస్తున్నా నాయనా!

వచ్చే నెలకి నేనే వచ్చి, "ఇక్కడ పెట్టమని మీరే కదండీ అడిగారు" అంటానేమో. అంటే కాదనకండి. ఆపాటికి నేను హాయిగా ఉంటాను.