బాపు జుట్టు

లక్సెట్టిపేటలో కటింగ్ షాపు ముందు బల్ల మీద, బొగ్గుబాయి నుంచి రిటైరైన ఒకాయన తన వంతు కోసం కూర్చున్నాడు. నడినెత్తి పలచబడింది, వెనక జుట్టు మాత్రం భుజాల దాకా ఉంది. ఆయన బిడ్డ వెతుక్కుంటూ వచ్చింది.

“ఈడేం జేస్తున్నవ్ బాపు?”

“జుట్టు తీయించుకుంట బిడ్డా. ఎల్లుండి నీ లగ్గం గదా.”

“ఎవలన్న ఏమన్న అన్నరా?”

“మొన్న మీ అత్తగారి దిక్కు ఒకాయన, నెత్తిల ఎంటికల్లేవు గని ఎన్క జడేందని నవ్విండు. నీకు నామోషీ గావద్దు.”

“నాకేం నామోషీ?”

“బాయిల ఉన్నన్ని దినాలు నెత్తికి హెల్మెట్, నెత్తి నిండ బొగ్గు. పొట్టిగనే ఉంచుకున్న. రిటైరైనంక ఇష్టంగ పెంచుకుంటే రాలవట్టింది.”

“రాలితే రాలనీ. ఉన్నదైతే నీదే గదా.”

“ఫొటోలల్ల మంచిగుండది.”

“నీ అల్లుడు నాతోని ఏమన్నడో ఎర్కేనా?”

“ఏమన్నడు?”

“‘నాకు గూడ నెత్తి పలచవడుతుంది. ఫొటో దిగుడంటేనే సిగ్గయితుండె. మామను జూసినంక ఆ పరేషాన్ పోయింది’ అన్నడు.”

“నిజంగనే అన్నడా?”

“ఒట్టు బాపు. మొన్నటి సంది టోపీ గూడ పెడ్తలేడు.”

ఆయన చెయ్యి మెల్లగా జుట్టు మీదికి పోయింది.

“షాపాయన లోపలికి పిలుస్తుండు బిడ్డా. ఏం జెప్పాలె?”

“గడ్డం నున్నగ గీయుమను. జుట్టుకు ఇంటికాడ నేను నూనె వెడ్త.”